పులికాట్ ఒడ్డుకు ఇంటిల్లిపాదీ - ముందు నియ్యత్, తర్వాత సామాను

సెలవులు దగ్గర పడగానే ప్రతి ఇంట్లోనూ ఒకే మాట: ఈసారి ఎక్కడికైనా వెళ్దామా? పిల్లలు సముద్రం అంటారు. పెద్దలు ఖర్చు అంటారు. ఇంట్లో ఆడవాళ్లు ఏమీ అనరు. వాళ్లు ఎందుకు ఏమీ అనరో మాకు చాలా కాలం తెలియలేదు.

భూమిలో సంచరించండి, అల్లాహ్ సృష్టిని ఎలా ప్రారంభించాడో చూడండి అని దివ్య ఖురాన్ (29:20) మనల్ని పిలుస్తోంది. అయినా విహారం అనగానే మనలో కొందరికి అదేదో దీన్‌కు సంబంధం లేని పని అనిపిస్తుంది. ఇంకొందరు బండి ఎక్కింది మొదలు నమాజును, పర్దాను, పొదుపును ఇంటి దగ్గరే తాళం వేసి వెళ్తారు. రెండూ పొరపాటే. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆ పందెంలో ఆమె గెలిచారు. కొన్నేళ్ల తర్వాత మరో ప్రయాణంలో ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది బదులని నవ్వుతూ అన్నారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న హదీసు ఇది. భార్యాబిడ్డలతో ఉల్లాసంగా గడపడం కూడా సున్నతే అని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పోయిన జనవరిలో మేము నెల్లూరు నుంచి పులికాట్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లకు మూడు రోజులు ఇంటిల్లిపాదీ వెళ్లి వచ్చాము. ఆ ప్రయాణానికి నెల రోజులు ముందుగా ఒక నోటు పుస్తకంలో రాసుకున్న సంగతులు మరికొన్ని కుటుంబాలకు పనికొస్తాయన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు.

వెనకటి పొరపాటు

ఎనిమిదేళ్ల క్రితం ఒకసారి ఏ ఆలోచనా లేకుండా వ్యాను మాట్లాడుకుని పద్నాలుగు మందిమి సముద్రం ఒడ్డుకు వెళ్లాము. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి ఆడవాళ్లు బిర్యానీ దేగ్చా దించారు. ఒడ్డుకు చేరాక మగవాళ్లం, పిల్లలం నీళ్లలో దిగాము. అక్కడ మరుగుదొడ్డి లేదు, వుజూకు మంచినీళ్లు లేవు, నీడ లేదు. ఆడవాళ్లు సాయంత్రం దాకా వ్యానులోనే కూర్చున్నారు. నీళ్లు తాగితే ఇబ్బందని గొంతు ఎండబెట్టుకున్నారు. మాకు వడ్డించారు, గిన్నెలు కడిగారు. అసర్ దాదాపు ఖజా అయ్యే వేళకు గానీ మాకు గుర్తు రాలేదు. ఆ హడావిడిలోనే పన్నెండేళ్ల మా మేనల్లుణ్ని ఒక అల లోపలికి లాగింది. అక్కడ వల ఆరబెట్టుకుంటున్న ఇద్దరు జాలరి సోదరులు దూకి బయటికి తెచ్చారు. వాళ్ల పేరు అడగాలన్న తెలివి కూడా ఆ క్షణంలో మాకు లేకపోయింది.

తిరిగి వచ్చిన రెండు రోజులకు మా ఇంటావిడ ఒకే మాట అన్నారు: "మీరు సముద్రం చూశారు. మేము వ్యాను చూశాము."

పాఠాలు చెప్పే మాకు అది పెద్ద పాఠం. అందుకే ఈసారి మొదట షూరా పెట్టాము.

షూరా, అమీర్

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపుతో నడుస్తాయని ఖురాన్ (42:38) చెబుతుంది. ఈ మాట మసీదు కమిటీలకే కాదు, ఇంటికీ వర్తిస్తుంది. ఒక ఆదివారం ఇషా తర్వాత దస్తర్‌ఖాన్ తీశాక అందరం కూర్చున్నాము. మొత్తం పదకొండు మందిమి. అందరూ మాట్లాడాలి, పిల్లలతో సహా. ఎవరేం చెబితే అది నోటు పుస్తకంలో రాయాలి.

ఇక్కడే మా తప్పు ఒకటి బయటపడింది. మేము ముందే మనసులో వేసుకున్న లెక్కలో మా అమ్మీ పేరు లేదు. ఆమెకు ఎనభై దాటాయి. మోకాళ్లు సహకరించవు, మాటలు కూడా మరిచిపోతున్నారు. "అమ్మీకి ఈ ప్రయాణం కష్టం కదా" అన్నాము. మా ఇంటావిడ నెమ్మదిగా, "అయితే నేనూ ఆగుతాను. ఆమె దగ్గర ఎవరో ఒకరు ఉండాలి" అన్నారు. కోడలు, "అత్తమ్మ ఆగితే నేనూ ఆగుతాను, ఒక్కరే ఎత్తి కూర్చోబెట్టలేరు" అంది. ప్రయాణం మళ్లీ మగవాళ్లదీ పిల్లలదీ అయ్యేట్టుంది.

అంతలో అమ్మీ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: "పళవేర్కాడుకా? అబ్బా నన్ను పడవలో తీసుకెళ్లారు."

మా నానా లుంగీల వర్తకులు. సూళ్లూరుపేట దగ్గర ఉండేవారు. ఆ రోజుల్లో బకింగ్‌హాం కాలువలో పడవలు నడిచేవి. సరుకు కొనడానికి వెళ్తూ ఒకసారి చిన్నపిల్ల అయిన అమ్మీని వెంట తీసుకెళ్లారట. ఇన్నేళ్లలో ఆ సంగతి మేము ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. తల్లి హక్కు గురించి పిల్లలకు ఎన్నోసార్లు హదీసులు వల్లె వేయించిన మాకు, ఆమె చూడాలనుకునేది ఏమిటో తెలియదు.

ఆ రాత్రి ప్రయాణం మారిపోయింది. అమ్మీ లేని ప్రయాణం లేదని నిర్ణయించాము. ఆమె మోకాళ్లకు ఏది వీలైతే అదే అందరికీ కార్యక్రమం.

ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు (అబూ దావూద్). పెద్దవాళ్లం కనుక మేమే అమీర్ అనుకున్నాము. షూరాలో మా పెద్దబ్బాయిని ఎన్నుకున్నారు. బండి ఎక్కడ ఆగాలి, ఎప్పుడు బయలుదేరాలి అన్నది అతని మాట. కోడలికి ఖజానా. వంట సంగతి మా ఇంటావిడ తేల్చారు: దారిలో వంట లేదు. రొట్టెలు, పచ్చడి, ఖర్జూరాలు, ఉడికించిన గుడ్లు మొదటి పూటకు. తర్వాత కొనుక్కోవడమే. మగవాళ్లు వడ్డించాలి.

దారి, ఊళ్లు

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండవ అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. ఉత్తరం నుంచి స్వర్ణముఖి, పడమటి నుంచి కాళంగి, దక్షిణం నుంచి ఆరణి నదుల నీళ్లు ఇందులో కలుస్తాయి. సముద్రానికి, సరస్సుకు నడుమ శ్రీహరికోట దీవి గోడలా నిలిచింది. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు లోపలికి వచ్చి పోతుంటుంది. ఆ ద్వారాలు ఇసుకతో పూడిపోతే చేపలు రావు, జాలర్ల పొయ్యి వెలగదు. తీపి నీళ్లు, ఉప్పు నీళ్లు రెండింటినీ అల్లాహ్ కలిపి నడిపిస్తున్నాడని, రెండింటి నుంచీ మనం తాజా మాంసం తింటున్నామని ఖురాన్ (25:53, 35:12) గుర్తు చేస్తుంది. పిల్లలకు ఆ ఆయతుల అర్థం చెప్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది లేదు.

ఏ నెలలో వెళ్లాలన్నది ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్ల భయం. ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగం చాలా మేర ఎండిపోతుంది, పక్షులు ఉండవు. జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. ఫ్లెమింగో పండుగ రోజుల్లో సూళ్లూరుపేటలో జనం కిక్కిరిసి ఉంటారు. ముసలివాళ్లు వెంట ఉంటే ఆ రోజులు తప్పించుకోవడం మేలు.

మా నోటు పుస్తకంలో మూడు రోజులు ఇలా రాసుకున్నాము.

గురువారం: ఫజర్ తర్వాత నెల్లూరు నుంచి బయలుదేరడం. దైవప్రవక్త (స) గురువారం ప్రయాణాన్ని ఇష్టపడేవారని బుఖారీలో ఉంది. నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. అక్కడ నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టి పిల్లలను సాకుతాయి. తర్వాత సూళ్లూరుపేట. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. అటకానితిప్ప దగ్గర ఆగితే బండి దిగకుండానే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. అమ్మీ కోసం ఆ చోటు ఎంచుకున్నాము. రాకెట్ కేంద్రంలోకి అనుమతి లేకుండా పోనివ్వరు, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. సాయంత్రం తడ దగ్గర భీమునివారిపాళెం సరస్సు ఒడ్డు. రాత్రి సూళ్లూరుపేటలో బస.

శుక్రవారం: తమిళనాడులోకి దాటి, పొన్నేరి మీదుగా పళవేర్కాడు. మనం పులికాట్ అంటున్నది ఈ ఊరి పేరునే.

శనివారం: తిరుగు దారిలో నాయుడుపేట నుంచి తూర్పుకు మళ్లి, వాకాడు మీదుగా తూపిలిపాలెం సముద్రం ఒడ్డు. మగ్రిబ్‌కల్లా ఇల్లు. ప్రయాణం కష్టంలో ఒక భాగమని, పని ముగియగానే ఇంటివారి దగ్గరకు త్వరగా మరలమని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ, ముస్లిం). నాలుగో రోజు ఉంటే బాగుంటుందన్న పిల్లల కోరికను అమీర్ గారు ఆ హదీసుతోనే కొట్టేశారు.

నమాజు సంగతి

హనఫీ మస్లక్ ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం వెళ్లే ఉద్దేశంతో ఊరు దాటినవాడు ముసాఫిర్. పదిహేను రోజులు ఒకేచోట ఉండే నియ్యత్ లేకపోతే జుహ్ర్, అసర్, ఇషా నమాజుల నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతుంది. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. ఊళ్లోని ఇమామ్ వెనుక చదివితే మాత్రం పూర్తిగా నాలుగూ చదవాలి. ముసాఫిర్‌పై జుమా తప్పనిసరి కాదు. దొరికితే వదులుకోవడం ఎందుకు?

ఇవి చాలామందికి తెలిసిన మసాయిలే. తెలియనిది ఏమిటంటే, ఆడవాళ్లు ఎక్కడ చదువుతారు అన్నది. మగవాళ్లకు దారిలో ఏ మసీదైనా సరిపోతుంది. అందుకే ముందే ఫోన్లు చేసి, ఏ ఊళ్లో ఆడవాళ్లకు వుజూ చేసుకుని నమాజు చదువుకునే చోటు ఉందో, శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ ఉందో నోటు పుస్తకంలో రాశాము. బండి ఆగే చోట్లు దాన్ని బట్టే నిర్ణయమయ్యాయి. చూడదగ్గ చోటు కోసం బండి ఆపడం కాదు, ముందు ఈ అవసరం కోసం ఆపాలి. బండిలో రెండు జానిమాజ్‌లు, ఒక లోటా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. సముద్రపు నీరు పరిశుద్ధమైనదని హదీసు ఉంది, దానితో వుజూ చెల్లుతుంది.

పళవేర్కాడులో ఒక చిన్న చిక్కు ఎదురవుతుంది. తమిళ తీరంలోని ముస్లిములు ఎక్కువగా షాఫయీ మస్లక్ వాళ్లు. అసర్ అజాన్ మనకంటే ముందే అవుతుంది. ఫజర్‌లో ఇమామ్ ఖునూత్ చదువుతారు. పిల్లలు బిత్తరపోకుండా ముందే చెప్పాము: ఖిబ్లా ఒకటే, కలిమా ఒకటే, ఇమాములు నలుగురూ మనవాళ్లే.

పళవేర్కాడు చెప్పే కథ

ఈ ఊరు ఒకప్పుడు పెద్ద రేవు. డచ్చివారు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి మారే దాకా కోరమాండల్ తీరంలో వాళ్ల రాజధాని ఇదే. ఇక్కడి నుంచి బట్టలు ఓడలెక్కాయి. మనుషులను కూడా బానిసలుగా బటావియాకు తరలించారు. ఇప్పుడు కోట ఆనవాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న డచ్చి సమాధుల ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉన్నాయి. మా చిన్న మనవడు భయపడి, "దాదా, వీళ్లెవరు?" అని అడిగాడు. "ఒకప్పుడు ఈ ఊరు తమదే అనుకున్నవాళ్లు" అన్నాము.

రాజ్యం పోయింది గానీ గళ్ల లుంగీ మిగిలింది. ఈ రేవు నుంచి వెళ్లిన బట్టకు మలయా దేశంలో 'కాయిన్ పెలికట్' అని పేరు. పెలికట్ అంటే పులికాటే. మలేషియాలో ఇవాళ్టికీ ఎందరో ఆ లుంగీ కట్టుకుని మసీదుకు వెళ్తారు. మన బజార్లలో పాలయకాట్ లుంగీ అని అమ్మేదీ అదే. మా నానా అమ్మిన లుంగీ ఎంత దూరం ప్రయాణం చేసిందో అమ్మీకి చెబితే, ఆమె నమ్మనట్టు చూశారు. ఇక్కడి ముస్లిం స్త్రీలు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు. ఆ చేతిపని కొనడానికి కోడలు ఖజానాలో కొంత పైకం విడిగా పెట్టింది. వెళ్లిన ఊరి మనిషికి నాలుగు రూపాయలు ఇచ్చి రావడం మంచి ప్రయాణికుడి లక్షణం.

నీళ్ల దగ్గర జాగ్రత్త

2011 డిసెంబరు 25న పళవేర్కాడు దగ్గర విహారానికి వెళ్లిన పడవ బోల్తా పడి 22 మంది మరణించారు. మనలాగే సెలవు రోజున ఇంటివాళ్లతో బయలుదేరిన కుటుంబాల వాళ్లు. నీట మునిగి చనిపోయినవారికి షహీద్ హోదా ఉందన్న హదీసు బాధితులను ఓదార్చడానికే గానీ, మన నిర్లక్ష్యానికి సాకు కాదు. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశనంలోకి నెట్టుకోకండని ఖురాన్ (2:195) హెచ్చరిస్తోంది. ముందు ఒంటెను కట్టేయాలి, ఆ తర్వాత తవక్కుల్.

మేము రాసుకున్న నియమాలు ఇవి: లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కరాదు. అధికారులు అనుమతించిన చోట తప్ప పడవే ఎక్కరాదు. పళవేర్కాడులో ఎవరైనా తక్కువ ధరకు తిప్పుతామన్నా వద్దనాలి. సముద్రంలో మోకాలు దాటి దిగరాదు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దమనిషి, పేరు పెట్టి అప్పగింత. నీళ్ల దగ్గర ఫోను జేబులోనే ఉండాలి. దిగే ముందు ఒడ్డున ఉన్న జాలర్లను అడగాలి. ఎక్కడ గుంత ఉందో, ఎటు లాగుతుందో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఆడవాళ్లకు సముద్రం తెల్లవారి ఫజర్ తర్వాత, జనం రాకముందు. తూపిలిపాలెంలో మొదటి గంట వాళ్లదే. అప్పుడు వ్యానులో కూర్చున్నది మేము.

ఎండ్రకాయ పంచాయితీ

పులికాట్ రొయ్యలకు, ఎండ్రకాయలకు పేరు. అక్కడే వివాదం లేచింది. హనఫీ మస్లక్‌లో నీటి ప్రాణుల్లో చేప మాత్రమే హలాల్. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అని ఉలమాలలో రెండు అభిప్రాయాలున్నాయి. అరబ్బీ భాషావేత్తలు దాన్ని చేపల్లో లెక్కించారు కనుక చాలామంది అనుమతించారు. ఎండ్రకాయకు హనఫీలలో అనుమతి లేదు, షాఫయీ ఉలమాలలో కొందరు అనుమతించారు. మా అల్లుడు, "మామూ, షాఫయీ ఊళ్లో ఉన్నంతసేపూ షాఫయీలం అవుదామా?" అన్నాడు. బండంతా నవ్వింది. నాలుక రుచి కోసం మస్లక్ మార్చుకోకూడదని చెప్పి, చేపల పులుసుతో సరిపెట్టాము. అయితే పక్క బల్ల మీద ఎండ్రకాయ తింటున్న స్థానిక సోదరుణ్ని వింతగా చూడవద్దని కూడా పిల్లలకు చెప్పాము. అతను తన ఉలమాల మాట ప్రకారమే తింటున్నాడు.

ఖర్చు

అప్పు చేసి విహారం వద్దు. ఇది మా మొదటి షరతు. ఆరు నెలలు ముందుగా ఒక డబ్బా పెట్టి, ఎవరికి తోచింది వాళ్లు వేశాము. వృథా ఖర్చు చేసేవారు షైతాను సోదరులని ఖురాన్ (17:27) అంటుంది. పిసినారితనం కూడా మంచిది కాదు. అమ్మీ కోసం కింది అంతస్తు గది, పడమటి పద్ధతి మరుగుదొడ్డి ఉన్న బస తీసుకున్నాము. దానికి కాస్త ఎక్కువే అయింది. డబ్బాలో మిగిలిన దానితో బయలుదేరే ముందు సదఖా ఇచ్చాము.

ఇంటి ముందు బండిలో అందరూ కూర్చున్నాక సవారీ దుఆ చదివాము. ఈ వాహనాన్ని అల్లాహ్ మనకు వశం చేశాడని, మన శక్తితో అది అయ్యేది కాదని, చివరికి ఆయన వద్దకే మరలి వెళ్తామని అందులో ఉంది. పెట్రోలు, టైర్లు చూసుకున్నంత శ్రద్ధగా ఆ చివరి మాటనూ చూసుకోవాలి.

అమ్మీ చూసినది

అన్నీ నోటు పుస్తకంలో రాసినట్టు జరగలేదు. నేలపట్టులో అమ్మీ నిద్రపోయారు. ఫ్లెమింగోలు రోడ్డుకు చాలా దూరంగా, గులాబీ రంగు గీతలా కనిపించాయి. ఆమె కళ్లకు ఆనలేదు. పళవేర్కాడులో జుమా ముగిశాక బండిని సరస్సు ఒడ్డు దాకా తీసుకెళ్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టాము. పడవలు కట్టేసి ఉన్నాయి. చాలాసేపు చూశారు. తర్వాత మమ్మల్ని పిలిచి, "అబ్బా ఎక్కడ?" అని అడిగారు.

మేము ఏం చెప్పాలో తోచక నిలబడిపోయాము. మా ఇంటావిడ ఆమె పక్కన నేల మీద కూర్చుని, "నానా లుంగీలు కొనడానికి వెళ్లారు అమ్మీ, మనం ఇక్కడే ఉందాం" అన్నారు. అమ్మీ తల ఊపి, ఆమె చెయ్యి పట్టుకున్నారు. అసర్ అజాన్ అయ్యేదాకా అలాగే కూర్చున్నారు.

తర్వాత రెండు నెలలకు అమ్మీ మంచం పట్టారు. ఇప్పుడు బయటికి తీసుకెళ్లే వీలు లేదు. ఇంకో ఏడాది చూద్దాంలే అనుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే గుండె జారిపోతుంది.

సోదరులారా, సోదరీమణులారా! మీ ఇంట్లోనూ షూరా పెట్టండి. మాట్లాడనివారిని ముందు అడగండి. ఎవరి మోకాళ్లు బలహీనమో వారి నడకతో ప్రయాణం కొలవండి. మూడు రోజులు కుదరకపోతే ఒక పూట చాలు. మీ ఊరి చెరువు కట్ట అయినా సరే. ముసాఫిర్ దుఆను అల్లాహ్ తిరస్కరించడని హదీసు చెబుతోంది. ఆ దుఆలో తల్లిదండ్రుల పేరు ఉండాలి, వీలైతే ఆ బండిలో వాళ్లూ ఉండాలి. అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.